అమ్మోరు లేని మూడు చోట్లు

రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి, ఉన్నాయి, ఎడమ చెయ్యి గేరు మీదకి వెళ్ళింది, వెళ్ళి వచ్చేసింది, కుడి చెయ్యి కదల్లేదు, పరవాలేదు, అనుకుంటూ ఎజ్రా ఇంజను మూత మీద పరిచిన గోనెపట్టా మీద ఇంకొంచెం ముందుకి జరిగాడు. కింద ఇంజను సలసల కాగుతోంది, గోనెపట్టా దాటి వేడి తొడలకి తగులుతోంది, అయినా లేచి వెనక సీటుకి వెళ్ళే ఆలోచనే లేదు. ఒళ్ళో అట్టపెట్టె ఉంది. అట్టపెట్టెలో, కాశీబుగ్గలో లారీలకి వైరింగు చేసుకు బతికే తను నాలుగేళ్ళు కూర్చుని కట్టిన యంత్రం ఉంది. పొద్దున్న ఈ బస్సులోంచి దాన్ని ఊడదీసింది తనే. పేటెంటు కాయితాలకి ఫొటోలు కావాలంటే ఊడదీశాడు. ఇప్పుడు డాష్‌బోర్డు కింద నాలుగు వైర్లు నల్లటేపు చుట్టుకుని వేలాడుతున్నాయి, మళ్ళీ బిగించాలంటే బండి ఆపి గంటసేపు కింద పడుకోవాలి. నాలుగు నెలల్లో ఇవాళ ఒక్కరోజే ఈ బండికి అది లేదు. ఇవాళే తనకి ఆ సంగతి తెలిసింది. సాయంత్రం నాలుగయింది, వెనక నలభై మంది ఉన్నారు, సగం మందికి పైగా జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టి ఇళ్ళకెళ్ళే ఆడవాళ్ళు, జీడి నూనెకి నల్లబడిన వేళ్ళతో ఒకరి మీద ఒకరు పడి కబుర్లాడుకుంటున్నారు. వాళ్ళకేం తెలుసు పాపం.

తనకి మటుకు తెలుసునని ఎలా అనుకోవడం? అనుమానమే కదా. అనుమానమే, అనుమానమే, అని పదిసార్లు సర్దిచెప్పుకున్నాడు, చెప్పుకున్నకొద్దీ అది పెరిగిందే గాని తగ్గలేదు. స్టీరింగు పట్టుకున్నవాడు మల్లేశ్వరరావు. కులం వేరు, మతం వేరు, అయినా ఇరవై ఏళ్ళుగా ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు, ఒకే షెడ్డులో గ్రీజు పూసుకుని పెరిగినవాళ్ళు. నీ పెట్టె నా బండికి పెట్టు బావా, నన్ను చంపేసినా పరవాలేదు, అని నవ్వుతూ ముందుకొచ్చింది వాడే. బస్సు యజమాని లోకనాథం ససేమిరా అంటే టెక్కలి వెళ్ళి గడ్డం పట్టుకుని ఒప్పించిందీ వాడే.

యంత్రం చేసే పని చెప్పుకుంటే చాలా చిన్నది. డ్రైవరు స్టీరింగు మీంచి రెండు చేతులూ తీసేస్తే బజరు కూస్తుంది. మెలకువగా ఉన్నవాడైతే కాలి దగ్గరున్న మీట నొక్కుతాడు, అది నోరు మూసుకుంటుంది. మూడు సెకన్లలో నొక్కలేదంటే వాడికి తెలివి తప్పిందని లెక్క. డీజిలు ఆగిపోతుంది, గాలి బ్రేకు కొద్దికొద్దిగా పడుతుంది, వెనక ఎర్రదీపాలు వెలుగుతాయి, బండి తనంతట తాను ఆగుతుంది. ఇంతా చేసి, ఇన్నీ ఆలోచించి, తను మర్చిపోయిందల్లా అమ్మోరిని. పలాసకీ టెక్కలికీ మధ్య రోడ్డు పక్కన ఎన్ని రాళ్ళకి పసుపు రాసి ఉందో, ఒక్కో రాయి దాటేటప్పుడు ఏ డ్రైవరైనా రెండు చేతులూ ఎత్తి ఎలా దండం పెడతాడో, పుట్టిన దగ్గర్నుంచీ బాప్టిస్టు చర్చి బెంచీల మీద పెరిగిన ఎజ్రాకి బుర్రకి తట్టనే లేదు. ఇరవై ఏళ్ళు ఈ రోడ్డు మీద తిరిగినా, కళ్ళెదుట ఉన్నా, చూసినవాడు కాదు. మొదటివారం పూండి ఇవతల మల్లేశ్వరరావు దండం పెట్టాడు, బజరు కూసింది, కాలి మీట మర్చిపోయాడు, బండి సరిగ్గా అమ్మవారి ముందు ఆగి కూర్చుంది. బండిలో ఆడవాళ్ళందరూ గొల్లుమన్నారు, తల్లే ఆపింది, తల్లే ఆపింది అని దిగి, దుకాణానికి పరిగెత్తి కొబ్బరికాయలు తెచ్చి కొట్టారు. ఆ కొబ్బరిచెక్క ఒకటి మల్లేశ్వరరావు తెచ్చి, తినకపోతే తినకపోయావు, నీ పెట్టెకి పెట్టు, అన్నాడు. ఎంత నవ్వుకున్నారో ఆ రోజు. కుడి చెయ్యి, కుడి చెయ్యి చెవి గోక్కుంటోంది, ఎడమది ఉంది, ఉంది, సరే.

పేటెంటు ఆఫీసు నుంచి వచ్చిన పరీక్ష ఉత్తరం రెండే రెండు పేజీలు. విశాఖపట్నంలో కాయితాలు చూసే ఏజెంటు సూర్యప్రకాష్ గారు దాన్ని తెలుగు చేసి చెప్పారు. ఒకటి, రైలింజన్లలో ఇలాంటి పెడలు వందేళ్ళ నుంచీ ఉందట, దాన్ని వాళ్ళ భాషలో చచ్చినవాడి పెడలు అంటారట, నీదానికీ దానికీ తేడా ఏమిటి? రెండు, చేతులు తీసినవాడు కావాలని తీశాడో ఒళ్ళు తెలియక తీశాడో నీ పెట్టె ఎలా కనిపెడుతుంది, రోడ్డు మీద నడిపి చూసిన దాఖలా చూపించు. మొదటిదానికి జవాబు ఏజెంటే రాసేశారు. రెండోదానికి జవాబు ఇదిగో, అట్టపెట్టె పక్కన పెట్టుకున్న ఈ నోటుబుక్కు. బండి ఆగినప్పుడల్లా తేదీ, చోటు, కారణం, అన్నీ మల్లేశ్వరరావు చేతిరాత. నాలుగు నెలల్లో పధ్నాలుగుసార్లు ఆగింది. పధ్నాలుగు వరసల్లోనూ కారణం ఒకటే, అమ్మోరికి దండం, అమ్మోరికి దండం. మొన్న ఫోనులో వినిపిస్తే ఏజెంటు నిట్టూర్చారు. ఎజ్రా గారూ, ఒక్కసారైనా నిజంగా డ్రైవరుకి స్పృహ తప్పినప్పుడు ఆగిందా? లేదండీ, ప్రభువు దయవల్ల లేదు. అయితే కష్టమేనండీ, ఇది ప్రమాదం ఆపే యంత్రం కాదు, మొక్కులు లెక్కపెట్టే యంత్రం అంటారు వాళ్ళు. రేపే ఆఖరి గడువు, ఏదో ఒకటి పట్టుకొచ్చెయ్యండి, సాక్షి ఎవరైనా ఉంటే పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు, వృత్తి వరసగా రాయించండి, ప్రతి పేజీ కిందా బస్సు యజమాని సంతకం ఉండాలి సుమా.

ఆ సంతకం కోసమే ఇప్పుడు టెక్కలి వెళ్ళడం. బయల్దేరే ముందు మల్లేశ్వరరావు చేత కూడా ఓ సంతకం పెట్టిద్దామని మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్తే వాడు లేడు, వాడి భార్య గౌరి ఉంది. అన్నయ్యా కూకోండి అని మంచినీళ్ళిచ్చి, నోటుబుక్కు చూసి, మా ఆయన రాతేనేటి అని ముచ్చటపడి, వేలుపెట్టి ఒక్కో వరసా కూడబలుక్కుని చదివింది. పదకొండో వరస దగ్గర వేలు ఆగిపోయింది. "నౌపడ ఉప్పుమడుల కాడ ఏ అమ్మోరుందన్నయ్యా? అది మా కన్నోరి ఊరు. మా అమ్మోరు ఊరికి అవతల, సెరువు గట్టు మీదుంది. రోడ్డు మీద ఏటీ లేదు." అని, ఇంకేదో అనబోయి, తన వేలి వంకే చూసుకుంటూ ఉండిపోయింది. ఏమ్మా అంటే, "ఆయన్నే అడగండన్నయ్యా," అని లోపలికి వెళ్ళిపోయింది. గిన్నెలు సర్దుతున్న చప్పుడు మరీ ఎక్కువగా వినిపించింది.

అప్పుడు, ఆ క్షణంలో, ఎజ్రాకి ముందు పుట్టింది ఏమిటి? ఇదే, ఇదే ఇందాకట్నుంచీ తనని వదలనిది. భయం కాదు. వాడికేమయిందోనన్న దిగులు కాదు. పని చేసింది! అన్న సంతోషం. ఒళ్ళంతా ఝల్లుమంది, పని చేసింది, నిజంగా పడిపోతే నిజంగా ఆపింది, రేపు ఏజెంటు బల్ల మీద నోటుబుక్కు తెరిచి ఇదిగో అనొచ్చు, అని అరక్షణం, అరక్షణమే అనుకో, ఎగిరి గంతేసింది మనసు. ఛీ. మనిషి జన్మేనా ఇది. ఆదివారం పాస్టరు గారు హృదయం అన్నిటికంటే మోసకరమైనది అని చదివితే ఎవరి గురించో అనుకుని కూర్చునేవాడు.

పూండి దాటారు. రైలు గేటు పడి ఉంది. గూడ్సుబండి వెళ్తున్నంతసేపూ మల్లేశ్వరరావు బ్రేకు మీద కాలు పెట్టి కూర్చున్నాడు, ఎజ్రా ఆ కాలి వంకే చూశాడు. చెప్పులు విడిచేశాడు. ఎప్పుడూ విడిచేవాడు కాదు. పాదం మీద చెప్పుపట్టీ ఆనవాలు లోతుగా గుంట పడి అలాగే ఉంది, తేలడం లేదు. ఈ ఉద్దానంలో ఆ వాపు పేరు ఎవరికీ చెప్పక్కర్లేదు. ఏ ఊరు వెళ్ళినా వీధికి ఇద్దరు, నీళ్ళ వల్లంటారు, ఎండ వల్లంటారు, వచ్చి నెత్తురు తీసుకెళ్ళిన పెద్ద డాక్టర్లు ఇప్పటిదాకా ఏదీ తేల్చలేదు, కిడ్నీలు మటుకు పోతూనే ఉన్నాయి. ఈ గుంట తనకి కొత్తా? అన్న జయప్రకాష్ కాలి మీద చూడలేదూ? లారీ తోలేవాడు అన్న. తొంభై ఎనిమిదిలో మందస రోడ్డులో పట్టపగలు లారీ చింతచెట్టుకి పెట్టి చచ్చిపోయాడు. తాగి తోలాడన్నారు. ప్రభువు బల్ల దగ్గర గుటకెడు ద్రాక్షరసం తప్ప ఏదీ ముట్టని మనిషిని, చర్చిలో సంఘపెద్దని, తాగి తోలాడన్నారు, కాయితాల్లో నిర్లక్ష్యం అని రాసుకున్నారు, వదిన విమలకుమారి ఎనిమిదేళ్ళుగా ఆ మాట వింటూ తల దించుకుని కుట్టుమిషను తొక్కుతోంది. డ్రైవరుకి తెలివి తప్పుతుంది, తప్పు వాడిది కాదు, అని ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలి. దానికోసం కాదూ ఇదంతా? దానికోసమే. మరి మల్లేశ్వరరావు తెలివి తప్పితే సంతోషమెందుకయ్యా నీకు? గేటు లేచింది. కాలు బ్రేకు మీంచి తీశాడు, చేతులు రెండూ ఉన్నాయి.

నోటుబుక్కులో మిగతా చోట్లన్నీ రెండేసిసార్లయినా వచ్చాయి, ఒక్కసారే వచ్చినవి మూడే, పదకొండో వరస కాక ఏడోదీ తొమ్మిదోదీ. గేటు దాటాక అని ఉంది ఏడో వరసలో. గేటు దాటారు. ఎజ్రా కిటికీలోంచి అటూ ఇటూ చూశాడు, కొబ్బరితోట, జీడితోట, ఎరువుల దుకాణం, సైకిలు మీద పనసకాయలు కట్టుకుని వెళ్తున్న మనిషి. పసుపు రాసిన రాయి లేదు. వేపచెట్టు కూడా లేదు. మల్లేశ్వరరావు చేతులెత్తలేదు. "ఏటి బావా, తెగ సూత్తన్నావు?" అన్నాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే. "ఏటీ లేదు. గాలాడ్డం లేదు," అన్నాడు ఎజ్రా. "మరి ఇంజను మీద కూకుంటే ఆడతాదేటి? ఎనక్కెల్లి కూకో." ఎనక్కెల్లడు. చచ్చినా వెళ్ళడు. నాకియ్యి, కాసేపు నేను తోలుతాను, అని ఒక్కమాట అనొచ్చు, హెవీ లైసెన్సు తనకీ ఉంది. అంటే ఏమవుతుంది? నలభై మంది ఎదుట వాణ్ణి సీట్లోంచి లేపినట్టవుతుంది. కండక్టరు ఎల్లాజీకి తెలుస్తుంది, ఎల్లాజీకి తెలిసినది టెక్కలి చేరేలోగా లోకనాథానికి తెలుస్తుంది. రేపట్నుంచి వాడికి స్టీరింగు ఉండదు. డాక్టరు అన్‌ఫిట్ అని రాసిన డ్రైవరుని ఉద్దానంలో ఏ బండీ ఎక్కించుకోదు. అందుకే అనడం లేదు. అందుకేనా? లేక నాలుగోసారి అవుతుందేమో కళ్ళారా చూద్దామనా?  ప్రభువా, ఇంత ఎండలో చలేస్తోంది. వెనక్కి తిరిగి ఆడవాళ్ళని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, తొమ్మిది దగ్గర లెక్క తప్పింది.

ముందు సీట్లో కూర్చున్న పార్వతి, జీడిపప్పు గ్రేడింగు చేసే మనిషి, తనని చూసి మాట కలిపింది. "పెట్టె తీసీసినారేటి మేస్త్రీ? అదుంటే సరదాగుండీది. మా మల్లేసన్నకి బత్తి ఎక్కువలెండి. మొన్న ఉప్పుమడుల కాడ స్టీరింగుకి తలానించి మరీ దండమెట్టీసినాడు. అందరం సూసినాం. ఏ అమ్మోరో మనకేటి తెలుసు, మన ఊరు కాదు." పక్కనావిడ కూడా, "అవునప్పా, సానాసేపు మొక్కినాడు," అంది. ఎజ్రా నవ్వాడు. నవ్వినట్టే ఉంది మొహం. తలానించి. చానాసేపు. వీళ్ళు చూశారు, నలభై మంది చూశారు, చావుకి ఇంత దూరంలో కూర్చుని భక్తి అనుకున్నారు. ఇంక అనుమానమన్న మాటకి చోటు లేదు. వాడి భుజాల వంక చూశాడు. ఇప్పటి సంభాషణ వాడికి వినబడకుండా ఉంటుందా? మల్లేశ్వరరావు మెడ కదల్లేదు. చెవులు మటుకు ఎర్రబడ్డాయి.

సరుగుడుతోట వచ్చింది. తొమ్మిదో వరస. రోడ్డుకి రెండు పక్కలా ఇసుక, ఇసుకలో సరుగుడుచెట్లు, సముద్రం మీంచి వచ్చే గాలికి ఒకటే హోరు, అమ్మోరూ లేదు అయ్యోరూ లేడు. ఇక్కడ తలానిస్తే? ఇక్కడ యాభై మీద వెళ్తోంది బండి. పెట్టె ఉంది కాబట్టి ఆ రోజు ఆగింది, ఇవాళ పెట్టె తన ఒళ్ళో పాపాయిలా పడుకుంది. నోటుబుక్కు ఇలాగే పంపిస్తే, పధ్నాలుగూ దండాలే, దరఖాస్తు పోతుంది, అన్న తాగుబోతుగానే మిగిలిపోతాడు, వీడు మటుకు రేపూ ఎల్లుండీ ఈ ఆడవాళ్ళని ఎక్కించుకుని తిరుగుతాడు. మూడు వరసలు దిద్ది పంపిస్తే యంత్రం నిలబడుతుంది, వీడు పడిపోతాడు. వీడికి ఇద్దరు ఆడపిల్లలు, స్వాతి ఇంటరు చదువుతోంది. ఎలా చూసినా ఎవరో ఒకరి మీంచి చక్రం వెళ్ళేటట్టే ఉంది. ఎడమ చెయ్యి ఉంది. కుడి చెయ్యి ఉంది. 

నౌపడ మడులు మొదలయ్యాయి. ఎండకి తెల్లగా మెరిసిపోతున్నాయి, గట్ల మీద ఉప్పు రాశులు పోసి తాటాకులు కప్పారు. రోడ్డు తిన్నగా ఉంది, ఎదురు బండి లేదు. మల్లేశ్వరరావు ఎడమ చెయ్యి స్టీరింగు మీంచి లేచింది. ఎజ్రా చూస్తూనే ఉన్నాడు. కుడి చెయ్యి కూడా లేచింది. రెండు చేతులూ మొహం మీదకి వెళ్ళాయి, తల ముందుకి వంగింది, ఒకటి, అంతే, రెండు అనుకోవడానికి కూడా ఆగలేదు, అట్టపెట్టె దబ్బున కింద పడింది, ఎజ్రా వాడి ఒళ్ళో అడ్డంగా పడి రెండు చేతులతో స్టీరింగు పట్టేసుకున్నాడు. "బావా! బావా!" అని అరిచిన గొంతు తనదేనని కూడా తెలియలేదు. బండి ఊగి, మడి గట్టు వైపు తిరిగి, మళ్ళీ రోడ్డుకి వచ్చింది. వెనక ఓలమ్మో అని కేకలు. మల్లేశ్వరరావు మొహం మీంచి తువ్వాలు తీశాడు. చెమట తుడుచుకుంటున్నాడు, అంతే. కళ్ళు తెరిచే ఉన్నాయి. తన ఛాతీకి అడ్డంగా పడి ఉన్న ఎజ్రా చేతుల్ని చూశాడు, ఎజ్రా మొహం చూశాడు. మెల్లగా బ్రేకు వేసి బండిని పక్కకి తీసి ఆపాడు.

"ఏటన్నా, ఆపీసినావు?" వెనకనించి ఎల్లాజీ.

"ఇంజను ఏడెక్కింది. రెండు నిమిషాలు కూకోండి," అని మల్లేశ్వరరావు తలుపు తీసుకుని దిగాడు. బండి ముందుకి వచ్చి, అద్దంలోంచి ఎవరికీ కనబడకుండా బంపరుకి ఆనుకుని నిలబడ్డాడు. ఎజ్రా నోటుబుక్కు పట్టుకుని వెనకే దిగి పక్కన నిలబడ్డాడు. 

"ఇక్కడ అమ్మోరు లేదు కదరా," అన్నాడు ఎజ్రా.

"లేదు. మా మావోరి ఊరు, నాకు తెల్దేటి." మల్లేశ్వరరావు తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. "నీకు తెల్దు కదా అని రాసీసినాను."

"ఎన్నాళ్ళయింది?"

"దసరా కాణ్నుంచి. మందులేసుకుంతన్నాను. ఒకోసారి ఎండ తగిలితే కళ్ళ ముందు నల్లగ వచ్చీత్తది." అని ఆగి, ఉన్నట్టుండి ఎజ్రా మోచెయ్యి పట్టుకున్నాడు. గొంతు మారిపోయింది. "బావా, మూడుసార్లూ ఆగింది. కళ్ళు తెరిసీసరికి తల స్టీరింగు మీదున్నాది, బండి రోడ్డు మీదున్నాది. ఎనక్కి తిరిగి సూత్తే ఒకామె పల్లీలు తింతంది. పల్లీలు తింతందిరా! ఒక్కలికి ఏటీ అవలేదు. ఆ మాట నీకు సెప్పాలని ఎంత కొట్టుకున్నానో, నీ ఇంటిదాకా వచ్చి ఎనక్కెల్లిపోనాను రెండుసార్లు."

"మరెందుకు సెప్పలేదు?"

"సెప్తే సీట్లోంచి దించీవా, లేదా?"

"దించీవోణ్ణి."

"అందుకే."

ఎజ్రాకి కళ్ళు మండాయి. ఉప్పుగాలి అనుకోవచ్చు. "గౌరి ఏలెట్టి సూపించినప్పుడు నాకు ముందొచ్చింది బయం కాదురా. సంతోషం. పని సేసింది అని సంతోషమొచ్చింది." ఆ మాట అనేసి, వాడు కొడతాడేమో, కొడితే బాగుణ్ణు, అని తల వంచుకున్నాడు.

"రాదేటి మరి," అన్నాడు మల్లేశ్వరరావు. "పడిపోయి లేసినోణ్ణి, నాకే వచ్చింది." నోటుబుక్కు కోసం చెయ్యి చాపాడు. బంపరు మీద పెట్టుకుని ఏడో వరస, తొమ్మిదో వరస, పదకొండో వరస, మూడింటిలోనూ అమ్మోరిని అడ్డంగా కొట్టేసి, సోస వచ్చి పడిపోనాను, అని మూడుసార్లు రాశాడు. మూడోసారి రాసేటప్పటికి అక్షరాలు పక్కకి ఒరిగాయి. "సాచ్చి కావాలన్నాడు కదా మీ ఏజెంటు. కింద నా పేరు రాయి. పూర్తిగా రాయి, మల్లేసు అని రాయకు."

ఎజ్రా పెన్ను తీసుకున్నాడు. ఏజెంటు చెప్పిన వరసలోనే పేరు రాశాడు, తండ్రి పేరు రాశాడు, ఊరు రాశాడు, వయసు నలభై మూడు అని రాశాడు. తర్వాత పెన్ను ఆగిపోయింది.

"ఏటి?"

"వృత్తి రాయాలి."

మల్లేశ్వరరావు బండి వంక చూశాడు. లోపల పార్వతి ఎవరినో ఆటపట్టిస్తోంది కాబోలు, పెద్దగా నవ్వులు వినిపించాయి.

"డ్రైవరు," అన్నాడు. "డ్రైవరనే రాయి బావా. పడిపోయిన నాటికి నాను డ్రైవర్నే."

ఎజ్రా రాశాడు. మల్లేశ్వరరావు ఆ మాట ఒకసారి చదువుకుని, తాళం బండికే ఉంది ఎక్కు అని చెప్పి, ఆడవాళ్ళు ఎక్కే వెనక తలుపు వైపు నడిచాడు.